నలభై నాలుగో మాట

పెనుకొండ,
8 జూలై 2007, ఆదివారం.

చి.సౌ. శైలజకు,

పెనుకొండ నుంచి అక్క దీవెనలు. ఇక్కడ నేనూ మీ బావా ఎవరి కాళ్ల మీద వాళ్లం తిరుగుతున్నాం, కాబట్టి క్షేమమే. హిందూపురంలో నువ్వూ, మరిది చంద్రా చల్లగా ఉండాలని మొన్న గురువారం బాబయ్య దర్గాలో మొక్కుకుని వచ్చాను.

నీ ఉత్తరం అందింది. నువ్వు రాసి పంపిన ఇంగ్లీషు చిరునామా తీసుకుని అల్తాఫ్ దగ్గరికి పోయాను. అదే, మన రోషన్‌బీ పెద్దకొడుకు. బస్టాండు పక్కన నెట్ సెంటర్ పెట్టుకున్నాడు, ఇద్దరు పిల్లల తండ్రి అయ్యాడు. కాగితం చూసి టకటకా కొట్టి, మీ అల్లికల గ్రూపు తెరిచి నా ముందు పెట్టాడు.

తెరవగానే నీ బుట్ట. పసుపు, మెరూన్ వైర్లది. మరిది ఫోటోలు తీసే పనివాడు కదా, వెనకాల తెల్లగుడ్డ కట్టి, పెళ్లికూతురిని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి తీశాడు. అంత పెద్ద తెర మీద నీ చేతి అల్లిక చూసేసరికి కుర్చీ ఇంకా దగ్గరికి లాక్కున్నాను. ఆ తర్వాత ‘ఇది మా చెల్లెలు అల్లిందప్పా’ అని అల్తాఫ్‌కు నాలుగుసార్లు చెప్పానట. వాడే లెక్కపెట్టి చెప్పాడు.

కానీ శైలూ, ఒక సంగతి నాకు అర్థం కావడం లేదు. బుట్ట కింద ఆ మాటలన్నీ రాసింది ఎవరు? నలభై మూడు మంది ఉన్నారు. ఒకామెది దుబాయి, ఒకామెది విశాఖపట్నం, ఒకాయన మగవాడై ఉండీ కుట్లూ అల్లికలూ చేస్తాడట. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. నేను ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివాను. సూపర్ అక్కా అని ఒకరు, మీ చేతులకు దండం అని ఒకరు. కొందరు మాట చివర రెండు చుక్కలు పెట్టి పక్కన ఒక బ్రాకెట్ పెట్టారు. పాపం తప్పు పడిందే అన్నాను. తప్పు కాదట, అది నవ్వు మొహమట, తల పక్కకు వంచి చూడాలట. వంచి చూశాను. మెడ పట్టేసింది గానీ నవ్వు కనిపించలేదు.

నాకు అంతు పట్టనిది ఏమిటంటే, ఇంతమందిలో ఒక్కరైనా నీ బుట్టను ముట్టుకున్నారా? మన దగ్గర బుట్ట చూడడమంటే ఎట్లా చూస్తారు? తలకిందులు చేసి అడుగు చూస్తారు. పిడి పట్టుకుని రెండు గుంజులు గుంజుతారు. లోపల చెయ్యి పెట్టి, వైరు కొసలు గీసుకుంటాయేమోనని తడుముతారు. అంతా అయ్యాక ‘ఊఁ, పర్వాలేదు’ అని కింద పెడతారు. ఆ ఒక్క ‘పర్వాలేదు’ కోసమే మనం వేళ్లు కోసుకునేది. వీళ్లేమో చూసీ చూడగానే బాగుందన్నారు. నమ్మాలా, వద్దా? నమ్మితే సంతోషంగా ఉంది. నమ్మకపోతే నీ బుట్టను నేనే చిన్నబుచ్చినట్టుంది. మీ బావను అడిగితే, చూసినవాళ్లు చెప్పారు, మధ్యలో నీకేం కష్టం అని పక్కకు తిరిగాడు. ఆయనకు వేరుశనగ మీద తప్ప దేని మీదా అభిప్రాయం ఉండదు.

సెప్టెంబరు తొమ్మిదిన బెంగళూరులో ఆ గ్రూపు వాళ్లంతా ఒక హాల్లో కలుస్తారనీ, ముప్పై మంది ముందు నిన్ను కూర్చోబెట్టి బుట్ట అల్లడం నేర్పమన్నారనీ రాశావు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. స్టూడియో వెనక గదిలో, ఫ్రేముల మధ్య కూర్చుని ఇన్నేళ్లు ఒంటరిగా అల్లావు. ఇన్నాళ్లకు నీ చుట్టూ మనుషులు కూర్చుంటారు, నీ చేతులు ఎటు పోతే అటు చూస్తారు. నీకెంత ఆశగా ఉందో నీ అక్షరాలు చూస్తేనే తెలుస్తోంది, ఎప్పుడూ లేనిది వాలుగా పరిగెత్తాయి. తప్పకుండా పో. ఆ రోజు నీలం చీర కట్టుకో, అది నీకు నప్పుతుంది.

నేను మాత్రం కింద ఏమీ రాయలేదు. రాయాలంటే పేరు నమోదు చేసుకోవాలట, పాస్‌వర్డ్ అట, ఏదేదో చెప్పాడు. మనకెందుకులే అని వచ్చేశాను. వరసగా అన్ని పొగడ్తలు చదివేసరికి ఎందుకో ఇక అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. సంతోషం ఎక్కువైతే అట్లా అవుతుందేమో, నాకు తెలీదు.

నీ మేలు కోరే అక్క,
సుబ్బమ్మ


పెనుకొండ,
5 ఆగస్టు 2007, ఆదివారం.

చి.సౌ. శైలజకు,

అక్క దీవెనలు. మీ బావకు జలుబు, నాకు నీ మీద దిగులు. అంతకు మించి ఈ ఇంట్లో జబ్బులు లేవు.

నిన్న చంద్ర ఫోన్ చేశాడు. నువ్వు మాట్లాడతావేమోనని ఆశగా చెవి దగ్గర పెట్టుకుంటే అతనే మాట్లాడాడు. ‘వదినా, ఆమె బుట్ట పిడి ఇప్పేసింది. మళ్లా అల్లింది, మళ్లా ఇప్పేసింది. నేను చెప్తే ఇనేట్లు లేదు, నువ్వన్నా చెప్పు’ అన్నాడు. అన్నం కూడా సరిగ్గా తినడం లేదట.

నీ ఉత్తరం కూడా దాని వెనకే వచ్చింది. ఎవరో కమలం అనే పేరుతో ఒకామె నీ బుట్ట కింద రాసిన మాటలు అక్షరం పొల్లుపోకుండా నాకు దించి పంపావు. ‘పిడి ఒక పక్కకు వాలింది. ఇట్లాంటి పిడితో బుట్ట నిలవదు. బాగా నేర్చుకుని పెట్టండి.’ అంతేగా? మూడు ముక్కలు. అంతకుముందు నలభై మూడు మంది బాగుందంటే నీ బుట్ట నీకు బాగానే కనిపించింది. నలభై నాలుగో ఆమె ఒక మాట అనేసరికి మొదటి వాళ్లందరూ ఎక్కడికి పోయారు? నీకు కోపం తెప్పించాలని అడగడం లేదమ్మా. నాకు నిజంగానే తెలీడం లేదు. మంచిమాటలు నలభై మూడూ ఒక పక్కన, చెడ్డమాట ఒక్కటీ ఒక పక్కన వేస్తే తక్కెడ అటెందుకు మొగ్గింది?

నువ్వైతే నవ్వేసి ఊరుకుంటావనుకున్నాను. చిన్నప్పుడు నీ పూలజడను నేను తుమ్మముళ్ల చెట్టంటే కూడా నవ్వేదానివి.

అల్తాఫ్ దగ్గరికి పోయి మళ్లీ అంతా చూశాను. ఆ కమలానికి నువ్వు జవాబు రాశావు. ‘నమస్కారమండీ, ఎటు పక్క వాలిందో చెబితే సరిచేసుకుంటాను’ అని. రెండు రోజులకు మళ్లీ అడిగావు. ఇంకో మూడు రోజులకు మళ్లీ, ఆ తర్వాత ఇంకోసారి. మొత్తం నాలుగుసార్లు. ఇంత మర్యాదగా నువ్వు ఇన్నేళ్లలో నన్ను కూడా ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆమె పలకలేదు. ఆమె సంగతి వదిలెయ్యి శైలూ. ఎవరో, ఏ పనీ పాటా లేని మనిషి అయ్యుంటుంది.

దానికంటే నా తల తిరిగిపోయిన విషయం ఇంకొకటుంది. ఆమె రాసిన తర్వాత కింద జనం రెండు ముఠాలైపోయారు. సగం మంది కమలాన్ని తిట్టారు, నీకు అంత తెలిస్తే నీ బుట్ట చూపించమన్నారు. అది సరే. మిగతా వాళ్లలో ముగ్గురు, మొదట సూపర్ అన్నవాళ్లే, అవునవును, ఇప్పుడు చూస్తే కొంచెం వాలినట్టే ఉంది అని రాశారు. దుబాయి ఆమె అయితే ఎడమ పక్కకట. విశాఖపట్నం ఆమె కుడి పక్కకు అంది. వాళ్లకు ఎట్లా కనిపించింది? మొదటిసారి చూసినప్పుడు ఎందుకు కనిపించలేదు? ఫోటో అదే కదా. నేను అల్తాఫ్‌ను కూడా అడిగాను. వాడు నా మొహం చూడకుండా పక్క కంప్యూటర్ వాళ్ల దగ్గరికి పోయాడు.

నీ ఉత్తరం చివర నువ్వు నన్ను అడిగావు. ‘అక్కా, నువ్వు అబద్ధం చెప్పవు. పిడి వాలిందా?’ అని. నేను ఏం చెప్పేది? నాకు చూపు ఆనడం లేదు. ఫోటోల్లో ఏది తిన్నగా ఉందో ఏది వంకరో చెప్పేంత తెలివి నాకు లేదు. బాగానే ఉన్నట్టుంది. బాగానే ఉందనుకో.

బెంగళూరు పోనని మాత్రం అనకు. సరిగ్గా అల్లడం రానిదాన్ని ముప్పై మందికి ఏం నేర్పుతాను, వాళ్లకు రాలేనని రాసేస్తాను అన్నావు. రాయలేదు కదా? ఇంకా రాయకు. నా మాట విను. చెయ్యి కడుక్కుని కడుపు నిండా తిను. మిగతాది తర్వాత చూద్దాం.

అక్క,
సుబ్బమ్మ


పెనుకొండ,
1 సెప్టెంబరు 2007, శనివారం.

చి.సౌ. శైలజకు,

అక్క దీవెనలు. నిన్నగాక మొన్న నీ ఇంట్లో నీ చేతి ముద్ద తిని వచ్చి, ఇవాళ మళ్లీ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఎదురుగా కూర్చుంటే నా నోరు పనిచేయలేదు. కలం అయినా పనిచేస్తుందేమోనని కూర్చున్నాను.

బుధవారం పొద్దున బస్సెక్కినప్పుడు నీకు గట్టిగా నాలుగు చెప్పి రావాలనే ఎక్కాను. నీ వెనక గది తలుపు తీసేసరికి అన్నీ మరిచిపోయాను. నేల మీద విప్పేసిన వైర్లు, పసుపువీ మెరూన్‌వీ. ఒకసారి ముడి వేసి విప్పిన వైరు మళ్లీ తిన్నగా రాదు కదా. వేడినీళ్లలో వేసి చూశావట, గుడ్డ కప్పి ఇస్త్రీ చేసి చూశావట. కొన్ని అంటుకుపోయి పడి ఉన్నాయి. గోడకు ఒక మేకు కొట్టి, దారానికి రాయి కట్టి వేలాడదీసి, ఆ దారం పక్కన బుట్ట పెట్టి ఒక కన్ను మూసి చూస్తున్నావు. నేను వచ్చింది కూడా చూడలేదు. ‘అక్కా, ఈ పక్కకేనా? నూలుపోగంత వాలిందా?’ అన్నావు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. కాఫీ పెట్టనా అన్నాను. నా ఇల్లు కాదు, నా పొయ్యి కాదు, అయినా అదే నోట్లోకి వచ్చింది.

నువ్వు పక్కింటికి పోయినప్పుడు చంద్ర నా దగ్గరికి వచ్చి, వచ్చే బుధవారంలోగా నువ్వు వస్తున్నావో లేదో బెంగళూరు వాళ్లకు చెప్పాలట, లేకపోతే వేరే ఎవరినో పెట్టుకుంటారట అన్నాడు. ఆ గ్రూపులో పెట్టొద్దని తనే మొదట చెప్పి ఉండాల్సిందని బాధపడ్డాడు. అతని తప్పేమీ లేదు. ఆ మాట అతనితో అన్నాను కూడా.

ఇంటికి వచ్చాక నాకు ఒక విచిత్రం జరిగింది. పోయిన ఉగాదికి నువ్వు నాకు ఇచ్చిన బుట్ట ఉంది కదా, అదే రంగులు, అదే అల్లిక. దాన్ని తీసి కిటికీలో పెట్టాను. చూస్తూ ఉంటే, ఉంటే, దాని పిడి నాకూ కొంచెం వాలినట్టు కనిపించడం మొదలైంది. ఎడమకా, కుడికా తెలీదు. కళ్లజోడు తుడుచుకుని చూశాను, మీ బావను పిలిచి చూపించాను. ఆయన తల గోక్కుని, నువ్వు ఎట్లా చెప్తే అట్లా అన్నాడు. నాకు భయం వేసింది. లేనిది ఉన్నట్టు నాకే కనిపిస్తే ఇంక ఎవరిని అడిగేది?

అందుకే నిన్న శుక్రవారం సెలవు పెట్టి, అంగన్‌వాడీ తాళాలు ఆయాకు ఇచ్చి ధర్మవరం పోయాను. యల్లక్క చిన్నమ్మ దగ్గరికి. నీకు మొదటి ముడి వేయించిన మనిషి ఆమే. డెబ్బై దాటినా ఇప్పటికీ మగ్గం ఇంట్లో అందరి మీదా అరుస్తూనే ఉంది. నేను ఏ సంగతీ చెప్పలేదు. బుట్ట చేతికిచ్చి, ఇది ఎట్లుందో చూడు చిన్నమ్మా అన్నాను.

ఆమె ఎట్లా చూసిందో నీకు చెప్పాలి. అసలు చూడలేదు. కళ్లు చాలా వరకు పోయాయి కదా. తలకిందులు చేసి అడుగంతా వేళ్లతో తడిమింది. అంచు చుట్టూ బొటనవేలు నడిపింది. నాలుగు శేర్ల వేరుశనక్కాయలు పోయించి, పిడి పట్టుకుని లేపి, వాకిలి దాకా పోయి మళ్లీ వచ్చింది. కింద పెట్టి, ‘ఏమే, ఇది ఈడనే ఇడిసిపెట్టి పో. నా బుట్ట అడుగు పోయింది, దీంట్లో తమలపాకులు పెట్టుకుంటా’ అంది. పిడి సంగతి ఏమిటి చిన్నమ్మా, వాలిందా అని అడిగాను. ఆమె నా వైపు తిరిగి, ‘వాలింటే కాయలు ఒక పక్కకు పోవా? చెయ్యికి తెలీదా? నీకేమన్నా పిచ్చి పట్టిందేమే సుబ్బీ’ అంది.

నువ్వు ఇచ్చింది నేను ఇచ్చేయడం తప్పే, కానీ ఆమె దాన్ని నా చేతికి తిరిగి ఇవ్వలేదు. అప్పటికే లోపల ఆకులు సర్దుకుంటోంది. ఇన్నేళ్లలో ఆమె ఎవరి బుట్టనైనా ఉంచుకోవడం చూశావా నువ్వు? నేను చూడలేదు.

కాబట్టి బెంగళూరు పో. ఈ ఉత్తరం అందగానే ఫోన్ చేసి వస్తున్నానని చెప్పు. గోడ మీది ఆ దారం పీకెయ్యి. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

ఎప్పటికీ నీ అక్క,
సుబ్బమ్మ

తా.క. సంతకం పెట్టాను గానీ కవరు అంటించలేకపోతున్నాను. శైలూ, ఆ కమలం నేనే.

జూలై పద్నాలుగున మళ్లీ అల్తాఫ్ దగ్గరికి పోయాను. పేరు పెట్టించుకుని, పాస్‌వర్డ్ పెట్టించుకుని, ఆ మూడు ముక్కలూ వాడి చేత కొట్టించాను. వాడు చేతులు తీసేసి, ‘వంకర యాడుండాదక్కా? బాగుండాది కదా, ఎందుకిట్ల రాయిస్తాండావు’ అన్నాడు. నీకు తెలీదు, కొట్టు అన్నాను. అందుకే ఆ తర్వాత వాడు నా మొహం చూడలేదు.

ఎందుకు చేశానో చెబుతాను, నువ్వే తేల్చు, నాకు తేలడం లేదు. నీకు పద్నాలుగేళ్లప్పుడు, బడిలో ఎగ్జిబిషన్ పెట్టారు. నీ దిండు గలీబు మీది నెమలిని చూసి పెద్ద టీచరు మొదలు ఊరంతా అబ్బ అంది. ఆ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తీసి నీకు దిష్టి తియ్యమని అవ్వ నాకు చెప్పింది. నేను తియ్యలేదు. మరిచిపోయానని అవ్వకు చెప్పాను. మరిచిపోలేదు. ఆ రోజు నా గురించి ఎవరూ ఒక్క మంచిమాట అనలేదని, నాకు ఒళ్లు మండి తియ్యలేదు. మర్నాడే నువ్వు మెట్ల మీద నుంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నావు. రెండేళ్లు సూది పట్టలేదు. ఇరవై నాలుగేళ్లుగా ఆ మణికట్టును చూసినప్పుడల్లా నాకు గుండెలో కలుక్కుమంటుంది.

ఆ నలభై మూడు మందీ వరసగా పొగిడితే, అంతమంది కళ్లు నీ చేతుల మీద పడితే, నాకు మళ్లీ ఆ మణికట్టే గుర్తొచ్చింది. అక్కడ ఉప్పు ఎట్లా తిప్పేది? కట్టే ఇంటికి గుమ్మడికాయ కట్టినట్టు, అన్ని మంచిమాటల మధ్య ఒక చెడ్డమాట కడితే దిష్టి దానికే తగిలి పోతుందనుకున్నాను. నువ్వు దాన్ని ఇంట్లోకి తెచ్చుకుంటావని నాకు తట్టలేదు. భయంతోనే రాశాననుకున్నాను. కానీ ఆ రోజు సెంటర్ నుంచి బయటికి వచ్చేటప్పుడు నాకు మనసులో కాస్త తేలిగ్గా కూడా అనిపించింది. అది ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు. నేను నీకు దిష్టి తీశానో, పెట్టానో తెలీడం లేదు.

నన్ను తిట్టు. నా ఇంటికి రాకు, నన్ను నీ ఇంటికి రావద్దన్నా సరే. అందరి ముందూ నా పేరుతో అక్కడ నిజం రాయమంటే రాస్తాను. కానీ ఈ ఒక్క మాట నమ్ము. ఆ రోజు రాయించే ముందు నేను గంటన్నర ఆ ఫోటో ముందు కూర్చున్నాను. అల్తాఫ్ చేత పెద్దది చేయించి, ముడి ముడికీ వెతికాను. ఒక చిన్న తప్పు దొరికినా చాలు, నిజమే రాసేదాన్ని. దొరకలేదు. అబద్ధం రాయించాను. ఎటు పక్క వాలిందో చెప్పమని నువ్వు నాలుగుసార్లు అడిగావు కదా.

ఏ పక్కకూ వాలలేదమ్మా.